పసుపు కుప్పలో పాడిన రేడియో

మా సైన్సు సార్ పోయారని మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో పెట్టి ఇవాళ్టికి నాలుగు రోజులు. చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. సంతాప సభ పెడతారట, చిన్న పుస్తకం కూడా వేస్తారట. గ్రూపు నడిపే మా క్లాస్‌మేట్ రోజూ ఫోన్ చేసి, “నువ్వు గూడ సైన్స్ టీచర్‌వే గదా, సార్ గురించి రెండు మాటలు రాసియ్యి” అంటున్నాడు. రాస్తాననే చెప్పాను. కూర్చున్నప్పుడల్లా మొదటి మాట బాగానే వస్తోంది. ఆయన లేకపోతే నేను టీచర్ని అయ్యేదాన్ని కాదు అన్నది ఆ మాట. రెండో మాట దగ్గర చెయ్యి ఆగిపోతోంది. అది సంతాప పుస్తకంలో వేసుకునే మాట కాదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆయన పొట్టి మనిషి. చొక్కా జేబులో పెన్ను పెట్టుకునే చోట సుద్దముక్క పెట్టుకునేవారు. మధ్యాహ్నానికల్లా జేబు తెల్లబడేది. ఎవరేం చెప్పినా వెంటనే తలాడించే అలవాటు ఆయనకు లేదు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, మన మొహంలోకి చూసి, “సూసినవా, ఇన్నవా?” అని అడిగేవారు. విన్నానంటే సగం మార్కులే. చూశానంటే ఎక్కడ చూశావు, ఎప్పుడు చూశావు, పక్కన ఎవరున్నారు అని పోలీసులా వెంటబడేవారు. ఒకసారి ప్రార్థన సమయంలో హెడ్మాస్టర్ గారు, ఈ ఏడు సూర్యుడు భూమికి దగ్గరికొచ్చాడు, అందుకే ఎండలు మండుతున్నాయి అని ఉపన్యసించారు. వెనక వరుసలోంచి మా సార్ గొంతు మెల్లగా వినబడింది. “సూసిండ్రా సార్, ఇన్నరా?” బడి బడంతా గొల్లుమంది. హెడ్మాస్టర్ గారు వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన మాత్రం ఆ వారమంతా హాయిగా టీ తాగుతూ కనిపించారు.

మా బడి బోధన్ పోయే రోడ్డు మీదే ఉండేది. అప్పటికింకా చక్కెర ఫ్యాక్టరీ నడుస్తోంది. చలికాలం వచ్చిందంటే పొద్దున్నుంచి చెరుకు ట్రాక్టర్లు, ఎడ్లబండ్లు బారులు తీరేవి. నడుస్తున్న ట్రాక్టర్ వెనక పరుగెత్తి గడ లాగడం మా ఊరి పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేని విద్య. కాంతి పాఠం వచ్చినప్పుడు సార్ మా గది కిటికీలన్నిటికీ గోనె సంచులు కట్టించి, రోడ్డు వైపు కిటికీకి మాత్రం రేకు బిగించి, దానికి మేకుతో ఒక్క బెజ్జం పొడిచారు. గది చీకటైంది. కాసేపటికి ఎదుటి గోడ మీద రోడ్డు తలకిందులుగా ప్రత్యక్షమైంది. చెరుకు ట్రాక్టర్ చక్రాలు పైకి పెట్టుకుని పోతోంది. దాని వెనక మా క్లాసు వాళ్లే ఇద్దరు, నీళ్లు తాగొస్తామని పోయినవాళ్లు, కాళ్లు పైకీ తలలు కిందికీ పెట్టి పరుగెత్తుతూ గడలు గుంజుతున్నారు. మేం నోళ్లు మూసుకుని నవ్వు ఆపుకున్నాం.

వాళ్లిద్దరూ మూతులు తుడుచుకుంటూ లోపలికి రాగానే సార్ అడిగారు. “ఎన్ని గడలు గుంజిండ్రురా?”

“లేదు సార్, నీళ్లకు పోయినం.”

“మూడు. నువ్వు రెండు, గీడు ఒకటి. ఏడ దాచిండ్రో పోయి పట్కరాండ్రి.”

సార్‌కు ఏదో దేవత పూనిందనే వాళ్లు చాలా రోజులు నమ్మారు. ఆయన ఆ గడలు తెప్పించి, ముక్కలు చేయించి అందరికీ పంచి, తానూ ఒకటి నములుతూ పాఠం చెప్పారు. “కాంతి సీదా నడుస్తది. మధ్యల ఏడ గూడ మలగదు. గందుకే పైది కిందికొచ్చింది, కిందిది పైకి పోయింది.” ఆ పాఠం మాలో ఎవరూ బట్టీ పట్టలేదు. పరీక్షలో ఎవరూ తప్పలేదు కూడా.

కిరణాలన్నిటిదీ ఒకే ఇల్లు అనుకుంటే, కళ్లకు కనబడే వెలుగు ఒక్కటే కాదు, ఆ ఇంట్లో కనబడని వాళ్లు ఇంకా ఉన్నారని ఆయన మరో రోజు చెప్పారు. రేడియో తరంగం ఇంటికి పెద్దోడు. వాడు వేసే అంగ చాలా పెద్దది, కోపం చాలా తక్కువ. మన కళ్లకు కనబడే వెలుగు నడిపోడు. ఎండలో మన ఒళ్లు నల్లగా చేసేవాడు వాడి తమ్ముడు. ఆ తర్వాతివాడు ఎక్స్‌రే, అందరికంటే చిన్నోడు గామా. కిందికి పోయిన కొద్దీ అంగ చిన్నదవుతుంది, కోపం పెరుగుతుంది. “ఒక్క తల్లి బిడ్డలే. కాని ఒక్క తీరు గారు,” అనేవారు. “చిన్నోడు తలుపు పలగ్గొడ్తడు. పెద్దోడు పొద్దంత తట్టినా గడియ గూడ కదలదు.” ఈ రెండు ముక్కలూ ఎప్పుడూ కలిపే చెప్పేవారు. నేనూ నా క్లాసులో ఇన్నేళ్లుగా అట్లాగే చెబుతున్నాను.

ఇక పసుపు సంగతి. బోధన్‌లో బట్టల దుకాణం నుంచి దొంగనోట్లు పట్టే ఊదారంగు లైటు ఒకటి అడిగి తెచ్చారు. చీకటి గదిలో, స్పిరిట్‌లో కలిపిన పసుపు మీద దాన్ని వేస్తే ఆకుపచ్చగా భగ్గుమని మెరిసింది. రోజూ కూరలో వేసుకునే పసుపేనా ఇది అనిపించింది. మన కంటికి కనబడని కిరణాన్ని పసుపు మింగి, కనబడే రంగును కక్కుతోందని ఆయన చెప్పారు. నేను లేచి నిలబడ్డాను. “సార్, మరి రేడియో కిరణాలను గూడ పసుపు మింగుతదా?”

క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పారు. “నేను సూడలే బిడ్డా. సూద్దాం,” అన్నారు. ఒక పంతులు తనకు తెలియదని పిల్లల ముందు ఒప్పుకోవడం నేను అప్పుడే చూశాను.

ఆ ఆదివారం సైకిలు మీద మా ఇంటికొచ్చారు. హ్యాండిల్‌కు ట్రాన్సిస్టర్ వేలాడుతోంది, వెనక క్యారియర్ మీద ఇనుప తీగల ఎలుకల బోను. మాకు రెండెకరాల చెరుకు, అరెకరం పసుపు. ఉడకబెట్టిన పసుపు కొమ్ములు కల్లంలో కుప్పపోసి ఉన్నాయి. పంతులు ఇంటికొచ్చాడంటే నేనేం తప్పు చేశానోనని బాపు నావైపు గుర్రుగా చూశాడు. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ మంచం వాల్చి, చాయ్ పెట్టడానికి లోపలికి ఉరికింది. సార్ మంచం మీద కూర్చోనే లేదు. పాటలొస్తున్న రేడియోను కుప్పలోకి తోసి, పైన కొమ్ములు గంపతో ఎత్తి పోశారు. పాట కొంచెం బొంగురుపోయింది కానీ ఆగలేదు. “ఓ పిల్లా, పసుపు పాడుతున్నదే!” అని అవ్వ చాయ్ గ్లాసు పట్టుకునే నవ్వింది. ఆ తర్వాత రేడియోను బయటికి తీసి బోనులో పెట్టి తలుపు మూశారు. పాట పోయింది, బుస్సుమనే చప్పుడు మిగిలింది. గాలి వెళ్లేన్ని సందులున్న బోనులోకి పాట రాలేకపోయింది.

“రాసుకో,” అన్నారు నాతో. “పసుపు ఆపలే. ఇనుము ఆపింది.” తర్వాత బాపు వైపు తిరిగి, “అన్నా, నీ బిడ్డకు అడుగుడు అచ్చింది. అది అందరికి రాదు. జర అడగనియ్యి. ఎవలన్న కూసో అంటె నాకు చెప్పు,” అన్నారు.

పదో తరగతితో చదువు చాలనుకున్న బాపు ఆ మాటతో నన్ను నిజామాబాద్‌లో ఇంటర్‌కు పంపాడు. అక్కడి నుంచి డిగ్రీ, బీఈడీ, ఉద్యోగం. డిచ్‌పల్లి అవతల ఒక ఊరి హైస్కూల్లో నేను పాఠం మొదలుపెట్టిన రోజే పిల్లలకు ఒక మాట ఇచ్చాను. నా క్లాసులో ప్రశ్న అడిగిన పిల్లను ఎవరూ కూర్చోమనరు. ఆ మాట నాది కాదు, మా సార్ దగ్గర తెచ్చుకున్నది. చెరుకు దొంగల కథ, పసుపు కుప్పలో రేడియో కథ నా పిల్లలందరికీ నోటికి వచ్చు. బోనుకు బదులు నేను ఫోనును అల్యూమినియం కాగితంలో నాలుగు మడతలు చుట్టి చూపించేదాన్ని. చుట్టినప్పుడు చేస్తే మోగదు, విప్పితే మోగుతుంది. ఆయన్ను చూడకుండానే ఆ పిల్లలు ఆయన పిల్లలయ్యారు.

రెండేళ్ల కిందట మా బడి పక్కన సెల్ టవర్ లేచింది. దాంతో పాటే ఊళ్లో భయం లేచింది. ఎవరికి తలనొప్పి వచ్చినా టవర్, ఎవరి బర్రె పాలు తగ్గినా టవర్. “నిప్పు లేంది పొగొస్తదా మేడం?” అని నన్నే నిలదీశారు. నేను ఎంత చెప్పినా, జీతం తీసుకునే ఆడమనిషి చెప్పే మాట అన్నట్టే విన్నారు. అప్పుడు నాకు సార్ గుర్తొచ్చారు. రిటైరై నిజామాబాద్‌లో ఉంటున్నారు. పెద్దమనిషి, మాటలో బలం ఉన్నవారు. సైన్స్ దినోత్సవానికి తల్లిదండ్రులను కూడా పిలిచి ఆయనతో చెప్పిస్తే ఊరు నెమ్మదిస్తుందని ఫోన్ చేశాను. “వస్త బిడ్డా, తప్పకుండ వస్త,” అన్నారు. పిల్లలు నాలుగు రోజుల ముందు నుంచే హాలు ఊడవడం మొదలుపెట్టారు.

ఆయన ఆటోలో దిగారు. వెంట ఆయన కొడుకు, అతని చేతిలో రెండు అట్టపెట్టెలు. ప్రయోగాల సామానేమో అనుకున్నాను. జేబులో సుద్దముక్క లేదు, అది ఒక్కటే కొంచెం వెలితిగా అనిపించింది. ఊదారంగు లైటు తీసి పసుపును మెరిపించారు. పిల్లలు ఈలలు వేశారు. నా కళ్లు తడిశాయంటే దాచుకోవలసిన పని లేదు. తర్వాత అన్నదమ్ముల పాఠం అందుకున్నారు. “గా టవర్ నుంచి వచ్చే కిరణం, ఆస్పత్రిల ఎక్స్‌రే, ఒక్క తల్లి బిడ్డలే,” అన్నారు. అని నీళ్లు తాగారు. రెండో ముక్క కోసం నేను ఎదురు చూస్తున్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, “మరి ఎక్స్‌రే తీసేటోడు సీసం తొడుగు ఎందుకేసుకుంటడు? మన పోరగాండ్లు పొద్దంత ఫోను చెవుకు వెట్టుకుంటున్నరు, వాండ్లకేం తొడుగున్నది?” అన్నారు.

తల్లులందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దోడి కోపం తక్కువన్న మాట, గడియ కదలదన్న మాట ఆయన మింగేశారు. మర్చిపోయి కాదు. ముప్పై ఏళ్లు చెప్పిన పాఠంలో సగం మర్చిపోయే మనిషి కాదు ఆయన. “కనవడని కిరణాన్ని పసుపు మింగుడు మీ కండ్లతోని సూసిండ్రు గదా,” అంటుండగానే కొడుకు పెట్టెలు విప్పాడు. ఫోను వెనక అంటించుకునే పసుపు బిళ్లలు. ప్యాకెట్ మీద మా సార్ ఫోటో, నుదుటి మీద కళ్లద్దాలతో.

అప్పుడు లావణ్య లేచింది. తొమ్మిదో తరగతి, బీడీలు చుట్టే తల్లికి ఒక్కతే కూతురు. ఆ తల్లి కూడా అక్కడే కూర్చుని ఉంది. “సార్, బిళ్ల కిరణాలను మింగితే ఇగ ఫోన్ మోగొద్దు గదా? మా మేడం కాగితంల చుట్టినప్పుడు మోగలే. గీ బిళ్ల పెట్టి ఒకసారి ఫోన్ చేసి సూద్దామా?”

సార్ కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టారు. ఇప్పుడైనా పాత మనిషి బయటికొస్తాడని, “సూద్దాం” అంటాడని నా ప్రాణం లేచొచ్చింది. ఆయన లావణ్య వైపు చూడలేదు. నా వైపు చూశారు. మా కల్లంలో బాపుతో అంత ధీమాగా మాట్లాడిన మనిషి నన్ను కళ్లతో బతిమాలుతున్నారు.

“లావణ్యా, పెద్దవాళ్లతో గట్ల మాట్లాడొద్దు. కూసో,” అన్నాను.

ఆ పిల్ల కూర్చుంది. నిందించుకోవాలంటే వంద కారణాలున్నాయి, సమర్థించుకోవడానికి ఒక్కటే ఉంది. అంతమంది ముందు ఆయన పడిపోవడం నేను చూడలేకపోయాను. మధ్యాహ్నానికి పెట్టెలు రెండూ ఖాళీ అయ్యాయి. లావణ్య తల్లి కూడా ఒక బిళ్ల కొనుక్కుంది.

ఆటో దాకా ఆయనతో నడిచాను. “సార్, మా కల్లంల రేడియో పెట్టిండ్రు, యాదికున్నదా? పసుపు కుప్పల పాడింది గదా,” అన్నాను.

“యాదికుండకేం బిడ్డా,” అన్నారు.

“మరి గిదేంది సార్?”

“టవర్ ఏం చెయ్యదని ఎన్ని ఊర్లల్ల చెప్పిననో నీకెరికేనా? ఒక్కడన్న ఇన్నడా? మాటతోని పోని భయం బిళ్లతోని పోతున్నది. నిద్ర పడుతున్నదంటున్నరు, తలనొప్పి పోయిందంటున్నరు. ఎవలికి నష్టం? గుడ్డి కన్న మెల్ల నయం గాదా?” ఆటో ఎక్కి కూర్చుని, నా చెయ్యి పట్టుకున్నారు. “ఆ పిల్లను కూసోవెట్టి మంచి పని చేసినవ్ బిడ్డా.”

చిన్నప్పటి నుంచి ఆయన మెప్పు కోసం ఎంత పాకులాడానో. ఆయన నన్ను మెచ్చుకున్న ఆఖరి మాట అదే. ఆ తర్వాత ఆయన ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు.

ఆయన మాటకు జవాబు ఆ సాయంత్రం ఇంటికి పోయే బస్సులో తట్టింది, అన్ని జవాబుల్లాగే ఆలస్యంగా. భయం పోగొట్టడానికి బిళ్ల ఇచ్చానన్నారు కదా, ఆ పూట ఆ భయాన్ని రెండింతలు చేసింది ఎవరు? ఎక్స్‌రే మాట ఎత్తిందెవరు? వట్టి మోసగాడు చేసి ఉంటే ఊళ్లో వాళ్లతో కలిసి తిట్టి మర్చిపోయేదాన్ని. తెలియనివాడు చేసి ఉంటే కూర్చోబెట్టి చెప్పేదాన్ని. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి? నాకు చూడడం నేర్పిన కళ్లు అవి. ఆ కళ్లతోనే నన్ను బతిమాలి, నా నోటితోనే ఆ పిల్లను కూర్చోబెట్టించారు. దీన్ని నేను క్షమించలేదు. పోయిన మనిషి మీద కోపం పెట్టుకోకూడదంటారు. పెట్టుకున్నాను, ఏం చెయ్యను.

మర్నాడు క్లాసులో అన్నదమ్ముల పాఠం మళ్లీ చెప్పాను, రెండు ముక్కలూ కలిపి. టవర్ కిరణం పెద్దోడిదని, తలుపు పలగ్గొట్టలేదని బోర్డు మీద రాశాను. సార్ చెప్పింది తప్పని మాత్రం అనలేదు. బిళ్ల పేరు ఎత్తలేదు. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. లావణ్య కూడా రాసుకుంది. పదో తరగతి అయ్యేదాకా ఆ పిల్ల నా క్లాసులో మంచి మార్కులే తెచ్చుకుంది. నేను అడిగితే చెప్పేది, తానుగా లేవలేదు. పెద్దదవుతోంది, నెమ్మది వచ్చిందిలే అని నాకు నేను చెప్పుకున్నాను.

నిన్న సాయంత్రం నిజామాబాద్ బస్టాండ్‌లో కనబడింది. భుజాన బ్యాగు, ఇంటర్ మొదటి సంవత్సరం. ఎంపీసీయేనా అన్నాను.

“కాదు మేడం, సీఈసీ తీసుకున్న.”

“సైన్స్ నీకంత ఇష్టం గదనే?”

నవ్వింది. తర్వాత తానే, “ఆ సార్ సచ్చిపోయిండట గదా మేడం,” అంది. “మా అవ్వ ఫోన్‌కు ఆయన బిళ్ల ఇంక అట్లనే ఉన్నది.”

రెండేళ్లుగా అనని మాట అప్పుడు అనేశాను. “ఆ బిళ్ల దేనికీ పనికిరాదు లావణ్యా. తీసి పారెయ్యమని చెప్పు అవ్వకు.”

“నాకెరికే మేడం. ఆ దినం సాయంత్రమే పక్కింటక్క ఫోన్ నుంచి చేసి సూసిన. బిళ్ల అంటించినా మోగింది.”

“మరి తెల్లారి నాకెందుకు చెప్పలేదు?”

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు, వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

“మీకు ఎరిక లేకుండెనా మేడం?”

బస్సులు వచ్చే చోట ఎవరో ఊళ్ల పేర్లు అరుస్తున్నారు. ఎరిక లేకుండె అంటే సరిపోయేది. ఆ పిల్ల నమ్మేది కూడా.

“ఎరికే ఉండె,” అన్నాను.

లావణ్య ఇంకేమీ అడగలేదు.